చేవెళ్లలో మా తాత కూర్చుని విన్న డప్పు

తప్పు చేసింది మా ఊరి పటేలు. ఇరవై రెండేళ్ల కింద మా చిన్నబాపు దేవయ్య, మా బాపు తమ్ముడు, ఎనిమిదేళ్ల పిల్లవాడు, జ్వరంతో పోయిన పొద్దున పటేలు ఇంట్లో పసిబిడ్డను ఊయలలో వేసే తొట్లె పండుగ. డప్పు కొట్టడానికి మా తాత సాయిలు వెంటనే రావాలని మనిషి వచ్చాడు. ఇంట్లో పిల్లవాడి శవం ఉందని తాత చెప్పుకున్నాడు. శవం ఎక్కడికీ పోదు, పండుగ గడియే దాటిపోతుంది అని జవాబు వచ్చింది. తాత కొడుకు మీద దుప్పటి కప్పి పోయాడు. పొద్దు వాలేదాకా సంబరపు దరువు కొట్టి, ఇంటికి వచ్చి, అప్పుడు గుంత తవ్వాడు. కూలి లేదు, గింజ లేదు. దీని పేరు వెట్టి. కాగితం మీద ఇది ఎప్పుడో రద్దయిందని నేను చదివిన చిన్న పుస్తకాలన్నీ చెప్తున్నాయి. మా పటేలు ఆ పుస్తకాలు చదివినట్టు లేదు.

ఆ మరునాడు తాత తన డప్పును మా బాపు చేతిలో పెట్టి మేకల వెంట పడ్డాడు. అప్పటి నుంచి ఊరికి తూర్పున డప్పు మోగితే తాత మేకలను పడమటి గుట్టకు తోలుకుపోతాడు. పడమట మోగితే తూర్పు చెలకల్లోకి. మా వాడలో ఎవరింట్లో పెండ్లి అయినా తాత అక్షింతలు వేసి, అన్నం కూడా తినకుండా గుట్ట ఎక్కుతాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఆయన ఒక పాటకు గాని, భజనకు గాని, ప్రార్థన గుడిసెలో కీర్తనకు గాని ఆగి చెవి పెట్టింది లేదు.

పోయిన సోమవారం పటేలు మనిషి మళ్లీ వచ్చాడు. ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు పటేలు బిడ్డ పెండ్లికి మగపెండ్లివారు దిగుతారట. వాళ్లు పెద్ద ఇంటివాళ్లు. పాత దరువులు ఇప్పటి పోరగాళ్లకు రావు కాబట్టి సాయిలే స్వయంగా మా వాడ డప్పులన్నిటికీ ముందు నడవాలట. తాత అవుననలేదు, కాదనలేదు. రెండు రోజులు మేకల దగ్గరే ఉన్నాడు. బుధవారం సాయంత్రం వచ్చి, చేవెళ్లలో తన చెల్లె బాలవ్వ మనుమరాలి పెండ్లి ఉన్నది, తెల్లారి పోదాం, నువ్వు తోడు రా అన్నాడు. తాత పటేలుకు దొరక్కుండా తప్పించుకుంటున్నాడనే నేను అనుకున్నాను. ప్రయాణం అట్లా మొదలైంది. మన పఠనాలయం చేతిరాత పత్రిక చదివేవాళ్లలో ఎవరైనా చేవెళ్ల దిక్కు పోవాలనుకుంటే పనికి వస్తుందని దారి, కిరాయి, వేళలు కూడా రాస్తున్నాను.

బయలుదేరే ముందు నేను ఒక పని చేశాను. బాలవ్వ ఇంట్లో పెండ్లి సంగతి నాకు సోమవారమే తెలుసు. తాత పోతాడేమో, పోతే అక్కడ డప్పులు ఉంటాయి కదా అని, మంగళవారం చేవెళ్లకు ఉల్లిగడ్డల బండి తోలుకుపోయే ఆయన చేతికి బాలవ్వ పేర జాబు ఇచ్చాను. డప్పు మన మెడకు పడ్డ సంకెల అని, మా తాత అడుగు పెట్టే పందిట్లో ఆ చప్పుడు వినబడకూడదని, ఆత్మాభిమానం ఉన్నవాళ్లు దాన్ని పొయ్యిలో పెట్టాలని రాశాను. రెండు పేజీలు. రాసి నాకు నేనే గట్టిగా చదువుకున్నాను. చాలా బాగుందనిపించింది.

గురువారం కోడి కూసే వేళకు మా ఊరి నుంచి నడక. మొయినాబాదుకు మాకు గంట దారి. గుట్ట మలుపులో నిలబడి తూర్పుకు చూస్తే గండిపేట నీళ్లు సన్నని తెల్ల గీతలాగా కనబడతాయి, పొద్దు పొడిచే వేళ పోయేవాళ్లు జర ఆగి చూడండి. చిల్కూరు గుడికి పోయే బండ్లు రెండు మాకు ఎదురయ్యాయి. మొయినాబాదు సడక్ మీద ఎనిమిదింటికి బస్సు అన్నారు. వచ్చేసరికి పది దాటింది. యుద్ధం మొదలైన కాడి నుంచి పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయి. వెనక పెద్ద ఇనుప పీపా, అందులో బొగ్గు మండించి, పిడి తిప్పి గాలి కొట్టాలి. కిరాయి మనిషికి ఆరు అణాలు. నడిచి పోయేవాళ్లకు కనకమామిడి మీదుగా నాలుగు గంటలు పడుతుంది. దారి తప్పే పని లేదు.

బస్సులో ముందు బల్లలు ఖాళీగా ఉన్నా మమ్మల్ని వెనక పీపా పక్కన కూర్చోమన్నారు. నేను ఎక్కను అన్నాను. ముందు బల్ల మీద నీ అయ్య పేరు ఉందా అని అడిగాను కూడా. డ్రైవరు సాబు పెద్దాయన, గడ్డమంతా మసి. కోపం చేయలేదు. "లడాయి ఎందుకు భాయ్, ముందలకు అమీన్ సాబు ఎక్కుతడు, ఆయన తోని నువ్వే మాట్లాడుకో. ఇంజను నడిస్తె అందరం పోతం, ఆగితె అందరం నూకుతం" అన్నాడు. నేను ఇంకా ఏదో అనబోతుంటే తాత నా భుజం పట్టి లోపలికి తోశాడు.

"ఎక్కుర. ఎనక కూసున్నా ముందల కూసున్నా చేవెళ్ల ఒక్క జాగలనే ఉంటది."

ఎక్కాను. కాని ఆ బల్లల సంగతి నేను మరిచిపోలేదు. కనకమామిడి దాటాక ఎత్తు రాగానే ఇంజను ఆగిపోయింది. పోలీసు అమీనుతో సహా అందరం దిగి నూకాము. అమీను నా పక్కనే నూకాడు కాబట్టి డ్రైవరు చెప్పింది సగం నిజమే. మళ్లీ కదిలాక ఇంజను మూడు సార్లు కొట్టుకుని నాలుగోది మింగుతూ పోయింది. తాత వేళ్లు బల్ల అంచు మీద కదులుతున్నాయి. ఈ బండికి దరువు కుదరలేదు అని తనలో తానే గొణుక్కున్నాడు. ఆ మాట నేను విన్నాను. దాని వెనక ఏముందో ఆలోచించేంత తెలివి ఆ పూట నాకు లేదు, ఆదివారం పటేలుకు ఏమి జవాబు చెప్పాలో మనసులో ఉపన్యాసం రాసుకుంటున్నాను.

చేవెళ్లలో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అంగడి జాగ దాటి, ఎర్రమట్టి బాటలో పావుగంట నడిస్తే బాలవ్వ వాళ్ల వాడ వస్తుంది. పొద్దుననే పాస్టరయ్య వచ్చి పెండ్లి చేసి పోయాడు. పచ్చాకుల పందిరి కింద వంద మంది దాకా ఉన్నారు. అన్నాల వేళ. కాని అక్కడ గంటెల చప్పుడు, పిల్లల ఏడుపు తప్ప ఏమీ లేదు. పెండ్లిపిల్ల మొహం ముడుచుకుని ఒక మూల కూర్చుంది. ఆడవాళ్లు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. పందిరి బయట ఎండలో ఆరుగురు మనుషులు, ఆరు డప్పులు బోర్లించి పెట్టుకుని, బీడీలు తాగుతూ కూర్చున్నారు.

ఇక్కడ ఒక పద్ధతి సంగతి చెప్పాలి, నాకు అప్పటిదాకా తెలియదు. చేవెళ్ల దిక్కు మా వాళ్లలో పెండ్లయితే పిల్ల వైపు వాళ్లు డప్పు ముట్టరు, పిలగాడి వైపు వాళ్లూ ముట్టరు. మూడో ఊరి మేళాన్ని పిలుస్తారు. వాళ్లకు ఆకు వక్క ఇచ్చి, అన్నం పెట్టి, తువ్వాలలు కప్పుతారు. ఇంటి మగవాళ్లు ఏడాదంతా ఎవరెవరి ముందో కొట్టినవాళ్లే. ఆ ఒక్క రోజు వాళ్లు చాప మీద కూర్చుని వింటారు. ఈ పెండ్లికి వచ్చింది ఆలూరు మేళం, పెద్ద ఎల్లయ్య. తెల్లారి నుంచి వాళ్లు ఒక్క దెబ్బ వేయలేదు.

తాత పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఆ నిశ్శబ్దాన్ని కాసేపు చూశాడు. బాలవ్వ ఎదురొచ్చి అన్న కాళ్లకు నీళ్లు పోసింది. ఆయన నీళ్లు చూడలేదు.

"ఇదేం పెండ్లే బాలీ, సావు ఇల్లు లెక్క. ఎవరన్న పోయిన్రా?"

"నీ మనుమన్నే అడుగు" అంది బాలవ్వ. జాబు ఆమె కొంగున ముడి వేసి ఉంది. బడిపంతులుతో రెండు సార్లు చదివించుకుందట. అన్న ఇరవై రెండేళ్లకు గడప తొక్కుతున్నాడు, ఆయన మనసు నొచ్చుకోవద్దు అని మేళాన్ని ఆపింది. పెండ్లిపిల్ల ఏడ్చిందట. అయినా ఆపింది.

అందరూ నా దిక్కు చూశారు. నాకు కోపం వచ్చింది. సిగ్గు వచ్చినప్పుడు నాకు కోపమే వస్తుంది. పందిరి నడుమ నిలబడి జాబులో రాసిందంతా మళ్లీ చెప్పాను. వెట్టి అన్నాను, సంకెల అన్నాను, బానిసతనం అన్నాను, ఈ ఆదివారం మా తాతకు వచ్చిన హుకుం సంగతి చెప్పాను. నేను చెప్తున్నంత సేపు పెద్ద ఎల్లయ్య బీడీ తాగుతూ విన్నాడు. తర్వాత లేచి తన డప్పు తీసుకుని నీడలోకి జరిపాడు.

"మంచిగ చెప్పినవ్ తమ్మీ. గని సంకెలను ఎండల పెడితె తోలు పగుల్తది. జర నీడకు జరుపుకుంటం, ఏమనుకోకు."

పందిరంతా నవ్వింది. పెండ్లిపిల్ల కూడా. నేను ఇంకా నోరు తెరవబోతున్నాను, తాత నా రెక్క పట్టుకున్నాడు. ఆయన నవ్వలేదు.

"నేను పారిపోయొచ్చిననుకున్నవా?" అన్నాడు. "మా బాలి ఇంట్ల మేళం ఉంటదని తెలిసే వచ్చిన. ఆ సప్పుడు ఇంటె నా పానం ఏమంటదో సూసుకుందామని వచ్చిన. అది తెలియకుంట ఆదివారం పటేలుకు ఏం చెప్పాలె? నువ్వు దాన్నే ఆపినవ్."

రెండు పేజీల జాబు రాసేముందు తాతను ఒక్క మాట అడగాలని నాకు తట్టలేదు. అదే నేను చేసిన పని. పటేలు ఆయనను అడగకుండా కొట్టించాడు, నేను ఆయనను అడగకుండా ఆపించాను.

తాత ఎల్లయ్య దగ్గరికి పోయి, మేళం ఆపించింది మా ఇంటి తప్పే, పెండ్లి దరువు పెట్టండి అని అడిగాడు. ఎల్లయ్య లేచి నిలబడే ఆ మాట విన్నాడు. సాయిలు పేరు ఆయనకు చిన్నప్పటి నుంచి తెలుసట. గడ్డి మంట వేశారు. డప్పులను మంటకు చూపి, వేలితో తట్టి, మళ్లీ చూపారు. తోలు వేడెక్కిన వాసన, దాన్ని అతికించిన చింతగింజల అంబలి వాసన కలిసి వచ్చాయి. తాత ముక్కు ఎగబీల్చడం చూశాను. ఆయన నులకమంచం మీద కూర్చుని, కుడిచేత్తో దాని పట్టెను పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ పడింది. తాత లేచాడు. అలవాటు ప్రకారం చప్పుడుకు ఎదురు దిక్కు నడవడం మొదలు పెట్టాడు. ఇక అయిపోయింది, బస్సు స్టాండు దాకా పోతాడు అనుకుని నేను వెంట పోయాను. కంచె దగ్గర బోర్లించిన పాత రోలు ఒకటి ఉంది. అక్కడ ఆగాడు. మేళానికి పది అడుగులు ఉంటుంది. నిలబడ్డవాడు అట్లాగే వెనక్కి తిరగకుండా ఆ రోలు మీద కూర్చున్నాడు. ఆరు డప్పులు ఒకటే దరువులోకి వచ్చాయి. సన్న పుల్ల చిటచిటమని ముందు పరుగెత్తుతుంటే, లావు సిర్ర దాని వెనక నిదానంగా అడుగులు వేస్తోంది. నేను డప్పు మోగే ఇంట్లో పుట్టినవాణ్ని, ఆ రెండు పుల్లలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని నాకు ఎవరూ చెప్పలేదు.

నేను, పోదామా తాతా అని అడిగాను.

"కూసో. జర ఇననియ్."

కింద కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. రెండో దరువుకు మెల్లగా మేళం దిక్కు తిరిగాడు. మూడో దరువులో ఒక చోట ఎల్లయ్య మేళమంతా ఒక్క పిసరు ఆగి, ఆ ఖాళీ మీదికి మళ్లీ దూకింది. అక్కడ తాత పెదవి కదిలింది. నవ్వే. ఆ దరువు అయిపోగానే చెయ్యి ఎత్తి, అదే మళ్లీ కొట్టమని సైగ చేశాడు. వాళ్లు కొట్టారు. మూడోసారి కూడా అడిగాడు. పెండ్లిపిల్ల ఆడవాళ్లను లేపుకుని ఆటకు దిగింది. బాలవ్వ ఒక గిన్నెలో పాయసం తెచ్చి అన్న పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది.

పొద్దు వాలే వేళకు మేళం అన్నానికి కూర్చుంది. అప్పుడు తాత మాట్లాడాడు. నా దిక్కు చూడలేదు, తన చేతుల దిక్కు చూస్తూ మాట్లాడాడు.

"ముప్పై ఏండ్లు కొట్టిన బిడ్డా. ఎన్నడు ఇనలె. కొట్టెటోనికి సెయ్యి గుంజుడు ఇనవడ్తది, ఎనకకెంచి పటేలు మనిషి అరుసుడు ఇనవడ్తది. దరువు ఎట్లుంటదో గిప్పుడు తెలిసింది." మళ్లీ తనే, "మా దేవడు మూడో దరువుకే ఎగిరెటోడు. నేను ఇంట్ల పుల్లలు సవరిస్తుంటె సాలు, కాళ్లు నిలువకపోయేటివి. ఆ సంగతే మరిసిపోయిన" అన్నాడు.

చిన్నబాపు గురించి తాత నోట ఒక మాట వినడం నాకు అదే మొదలు. చావు సంగతి తప్ప ఆ పిల్లవాడి గురించి మా ఇంట్లో ఇంకేమీ మిగల్లేదనుకున్నాను. అతనికి ఎగిరే కాళ్లు ఉండేవి.

ఆ సాయంత్రమే తాత ఎల్లయ్యకు ఆకు వక్క ఇచ్చాడు. ఆదివారం మా వాడకు రమ్మన్నాడు. అక్కడ ఎవరి పెండ్లి అని ఎల్లయ్య అడిగాడు. పెండ్లి లేదు, మేము కూర్చుని వింటాం అన్నాడు తాత. ఎల్లయ్య ఆకును చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. ఆకు నమిలితే వచ్చినట్టే, మా పద్ధతి అది. ఆదివారమే ఎందుకో నేను అప్పటికే పందిట్లో అరిచి చెప్పాను కాబట్టి ఆయనకు అంతా తెలుసు. నమిలాడు.

శుక్రవారం పొద్దున తిరుగు బస్సు. చేవెళ్లలో ఏడున్నరకు ఎక్కితే తొమ్మిదికే మొయినాబాదు వచ్చాము, దిగుడు దారి గనక ఎక్కడా నూకలేదు. మొయినాబాదు చాయ హోటల్లో గ్రామఫోను పాటల పెట్టె ఉంది. మాలాంటి వాళ్లకు చాయ బయట మట్టి ముంతలోనే ఇస్తారు. నేను ఆ ముంత పగలగొట్టేవాణ్ని. కాని తాత గోడ వారకు నిలబడి లోపలి పాట వింటున్నాడు, ఆ పూటకు ఊరుకున్నాను. పళ్లెం నాలుగు సార్లు మార్చేదాకా ఆయన కదల్లేదు. నాలుగోది అయ్యాక, గొంతు మంచిదే, వెనక కొట్టేవాడే తొందరపడుతున్నాడు అన్నాడు. ఇంటి దాకా దారంతా ఆగి ఆగి నడిచాము. మోట కొట్టేవాడి పాట ఒక చోట, మేకల మెడ గంటలు ఒక చోట. గంట దారికి మూడు గంటలు పట్టింది. ఇరవై రెండేళ్ల బాకీ ఒక్క పూటలో వినేసేటట్టున్నాడు అని నేను వెక్కిరిస్తే, నీకేం పని ఉన్నదిరా, చిన్న పుస్తకాలు చదువుడే కదా అన్నాడు.

మా ఇంటి ముందు పటేలు మనిషి కూర్చుని ఉన్నాడు. ఆదివారం డప్పుల సంగతి తేల్చుకుని రమ్మన్నారట. మా బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఉపన్యాసం సిద్ధంగా పెట్టుకున్నాను, తాత నన్ను దాటుకుని ముందుకు పోయాడు.

"ఆదివారం నాలుగు గంటలకు మా వాడకు సుట్టాలొస్తున్నరు. మేం అందరం కూసోని ఇనాలె. మేం డప్పు ముట్టరాదు. పటేలుకు చెప్పు. ఆయన గూడ ఇంటనంటె రమ్మను, సాప ఏస్తం."

ఆ మనిషి నవ్వాడు. తాత నవ్వలేదని చూసి లేచి వెళ్లిపోయాడు. మా బాపు, తాత ఇచ్చిన ఆ పాత డప్పును గోడ నుంచి తీసి, నిచ్చెన వేసి, ఇంటి దూలానికి చేతికి అందనంత ఎత్తున కట్టాడు. సాయంత్రానికి మా వాడలో ఇంకో నాలుగు ఇండ్లలో నిచ్చెనలు లేచాయి. మిగతా మూడు ఇండ్ల వాళ్లు ఆలోచిస్తున్నారు. వాళ్లను నేను తిట్టలేదు. ఈ ప్రయాణానికి ముందైతే తిట్టేవాణ్ని.

పటేలు ఏమి చేస్తాడో నాకు తెలియదు. మేకలను ఊరి బంచరాయి బీడులో మేయనీయకపోవచ్చు, ఇంకా ఏమైనా చేయవచ్చు. వెట్టి మీద నా కోపం అణువంత తగ్గలేదు. కాని డప్పు మీద కోపం పోయింది. దాన్ని పొయ్యిలో పెట్టమని రాసినవాణ్ని నేనే, ఆ జాబు బాలవ్వ కొంగు నుంచి అడిగి తెచ్చుకున్నాను. సంకెల వేసింది చప్పుడు కాదు, హుకుం. ఆ రెండూ ఇన్నేళ్లు కలిసే మోగాయి గనక మా తాతకు విడదీయడానికి వీలు కాలేదు. డెబ్బై ఏళ్లు దగ్గర పడుతున్న మనిషి ఒక రోలు మీద కూర్చుని ఒక పూటలో విడదీసుకున్నాడు. నిన్న రాత్రి అన్నం తింటూ కంచం అంచు మీద మూడో దరువు వేలితో తట్టాడు. అమ్మ వడ్డించడం ఆపి నిలబడింది. మా ఇంట్లో కాపురానికి వచ్చినప్పటి నుంచి తాత చేతి నుంచి ఆమె వినని చప్పుడు అది.

మేళం వినడానికి పోయేవాళ్లకు ఒక్క సలహా: డప్పుల పక్కనే కూర్చోకండి, అక్కడ దెబ్బ ఒక్కటే చెవిలో పడుతుంది. పది అడుగులు ఎడంగా, గాలి మన వైపు వీచే దిక్కున కూర్చోండి. మా తాత ఎంచుకున్న జాగ అదే.

ఈ పత్రిక శనివారం చేతులు మారుతుంది. చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పండి. ఆదివారం బడి గంట నాలుగు కొట్టే వేళకు మా వాడ ప్రార్థన గుడిసె ముందుకు రండి. ఆలూరు మేళం తెల్లారే నడక మొదలు పెడుతుంది. డప్పు ఉన్నవాళ్లు డప్పు ఇంట్లోనే పెట్టి రండి, చాప ఒకటి తెచ్చుకోండి. మా తాత ముందు వరుసలో కూర్చుంటాడు. ఆయన పక్కన జాగ ఉంది.